శత్రంజి మీద చదరంగం

గిర్మాజీపేటలో మా తాత ఇంట్లో ఇనుప పట్టీలు కొట్టిన పెద్ద టేకు సందుగ ఉండేది. మూత ఎత్తితే కర్పూరం వాసన, లోపల మడతపెట్టిన శత్రంజీలు. చిన్నది రోజువారీ వాడకానికి. పెద్దది మనుషులు వచ్చినప్పుడు తీసేది. పెద్దదాన్ని ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఒక కొస నేను పట్టుకుంటానని ఎగబడేదాన్ని. "నీతోని కాదు బిడ్డా, జరుగు" అనేది అవ్వ.

శత్రంజి అంటే ఏమిటో ఇప్పుడు విడమరిచి చెప్పాల్సి వస్తోంది. ముతక నూలుతో మందంగా నేసి నేల మీద పరుచుకునే గుడ్డ. తివాచీకి ముడులుంటాయి, పైన నూగు ఉంటుంది. దీనికి రెండూ ఉండవు, తిరగేసి పరిచినా ఒకటే తీరు. కోస్తా వైపు జంపఖానా అంటారు. తమిళులకు అది జమక్కాళం. దుకాణాల్లో దర్రీ అంటేనే తెలుస్తుంది. మా ఓరుగల్లులో మాత్రం శత్రంజి. అవ్వ నోట్లో అయితే శెత్రంజి.

మా దగ్గర ఏ ముచ్చటైనా శత్రంజి పరిచాకే మొదలయ్యేది. పిల్ల సంబంధం మాట్లాడుకున్నా, అన్నదమ్ముల వాటాలు తెంపుకున్నా, సత్యనారాయణ వ్రతం చేసుకున్నా ముందు సందుగ తెరవాల్సిందే. ఇంట్లో కుర్చీలు ఉన్నా అవి ఒకరిద్దరికే. శత్రంజి మీద పెద్దా చిన్నా అందరూ ఒకే ఎత్తున కూర్చునేవాళ్ళు. సావు ఇంటికి పోతే వాకిట్లో శత్రంజి, పెళ్ళికి పోతే పందిట్లో శత్రంజి. మేడారం జాతరకు బయల్దేరితే బండిలో ముందు పడేది అదే, జంపన్న వాగు ఒడ్డున చెట్టు కింద దిగాక మళ్ళీ పరిచేదీ అదే. పగలు దాని మీద కూరగాయలు తరిగేవాళ్ళు, రాత్రి పిల్లలం దాన్నే చుట్టుకుని పండుకునేవాళ్ళం. మాఘమాసపు చలి అడవిలో దుప్పటికి ఆగదు. శత్రంజికి ఆగుతుంది.

తాత నిజాం ఏలుబడిలో ఉర్దూలో చదువుకుని అదాలత్‌లో మున్షీగా చేసిన మనిషి. మాట్లాడేది తెలుగు, లెక్కలు రాసేది ఉర్దూ. కాజీపేట రైల్వేలో గార్డుగా పనిచేసి దిగిపోయిన దోస్తు ఒకాయన సాయంత్రం పూట ఆయన కోసం వచ్చేవాడు. ఆయన అడుగు గడప దాటక ముందే తాత నన్ను కేకేసేవాడు. "బిడ్డా, షత్రంజి పరువు, షత్రంజ్ ఆడుతం."

ఒక్క ఊపిరిలో రెండు మాటలు. ఒకదానికి చివర 'ఇ' ఉంది, ఇంకోదానికి లేదు. కింద పరిచేది ఒకటి, దాని మీద కూర్చుని ఆడేది ఒకటి. వినీ వినీ ఒకరోజు అడిగేశాను. "తాతా, రెంటికి ఒకటే పేరేంది?"

"గళ్ళుంటయి కదనే. షత్రంజ్ పలక మీద ఉన్నట్టు గళ్ళుంటే షత్రంజి."

కిందికి చూశాను. మా శత్రంజికి గళ్ళు లేవు. నీలం, ఎరుపు, తెలుపు పట్టెలు ఈ కొస నుంచి ఆ కొసకు సాగి ఉన్నాయి. "మరి మనదానికి గళ్ళేవి?" అన్నాను. తాత అద్దాలు సవరించుకుని ఆ పట్టెల వైపు చాలాసేపు చూశాడు. "కొత్తవాడ మామ వస్తడు కదా, అడుగు. నేసేటోనికి తెలుస్తది" అన్నాడు.

కొత్తవాడ మామ మాకు చుట్టం కాదు. పద్మశాలి. సొసైటీ కాగితాలు, అర్జీలు తాతతో రాయించుకోవడానికి వచ్చిపోతుండేవాడు, ఆ రాకపోకల్లో మామ అయ్యాడు. అడగ్గానే చెప్పాడు. "శత అంటే నూరు, రంజి అంటే రంగు. నూరు రంగుల గుడ్డ బిడ్డా." పక్కనే ఉన్న గార్డు తాత ఒప్పుకోలేదు. "రంజ్ అంటే ఉర్దూల దుఃఖం. నూరు దుఃఖాలు. ఆడి ఓడినోన్ని అడుగు, కూసోని నేసినోన్ని అడుగు, ఇద్దరు అదే చెప్తరు." కొత్తవాడ మామ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తాత వైపు తిరిగి, "గదీ నిజమే మున్షీ సాబ్" అన్నాడు.

బడిలో తెలుగు సారు వేరే దారి చూపించాడు. రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు, ఈ నాలుగూ సేనకు అంగాలు, అందుకే చతురంగ బలం. ఆ సేన పలక మీదికి దిగితే చతురంగం. మన నోళ్ళలో నలిగి చదరంగం. బోర్డు మీద నాలుగు మాటలూ రాసి కింద గీత కొట్టాడు. "మరి షత్రంజ్, సార్?" అంటే, "అది ఉర్దూ మాటమ్మా, దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నాడు.

సంబంధం ఉందని తెలిసేనాటికి నేను ఉద్యోగంలో చేరాను, తాత లేడు. చదరంగం, షత్రంజ్ ఒక్క తల్లి బిడ్డలు. ఒకటి ఇంటి పట్టున ఉండిపోయింది, ఒకటి దేశాలు పట్టిపోయి వందల ఏళ్ళకు వేరే వేషంతో తిరిగొచ్చింది. రెండూ కలిసింది మా అరుగు మీద. ఇది చదివిన రోజు ఆఫీసులో పని నడవలేదు. తాతకు చెప్పాలనిపించింది, అంతకంటే ఎక్కువగా గార్డు తాతకు.

పోయిన దారి ఇది. సంస్కృతంలోని చతురంగం ఇరాన్ చేరి అక్కడి పహ్లవీ భాషలో చత్రంగ్ అయింది. ఖుస్రో అనూషిర్వాన్ (531-579) కొలువుకు హిందూదేశపు రాజు ఒకడు ఈ ఆట పంపి, దీని మర్మం విప్పండి చూద్దాం అన్నాడట. బుజుర్గ్‌మెహర్ అనే మంత్రి విప్పాడు. ఊరుకోకుండా బదులుగా నర్ద్ అనే పాచికల ఆట కల్పించి పంపాడు. ఈ కథ చెప్పడానికి పహ్లవీలో ఒక చిన్న పుస్తకమే ఉంది. 1010 ప్రాంతంలో ఫిర్దౌసి పూర్తి చేసిన షానామాలోనూ వస్తుంది. కథలో కల్పన ఎంతున్నా నాకు ఒకటి నచ్చింది. ఆట ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఇరాన్ వాళ్ళు దాచుకోలేదు.

ఏడో శతాబ్దంలో అరబ్బులు ఇరాన్‌ను గెలిచారు, ఆట వాళ్ళ చేతికి వెళ్ళింది. అరబ్బీలో 'చ' లేదు, 'గ' లేదు. చ పోయి ష వచ్చింది, గ పోయి జ వచ్చింది. చత్రంగ్ కాస్తా షత్రంజ్. అంతే జరిగింది. ఆ మాటలో నూరు లేదు, రంగు లేదు, దుఃఖం లేదు. ఉన్నది నాలుగు.

ఆ నాలుగు మా ఊళ్ళో ఎక్కడ చూసినా ఉందని అప్పుడు గమనించాను. హనుమకొండ చౌరస్తాలో, వరంగల్ చౌరస్తాలో 'చౌ' అంటే నాలుగు, అదీ చతుర్ నుంచి దిగిందే. పట్నం పోతే చార్మినార్‌లో 'చార్', ఫార్సీ చహార్, మన చతుర్‌కు దాయాది. ఇంటి జాగా కొలిచే చదరపు గజంలో మళ్ళీ అదే నాలుగు. రోజూ బస్సెక్కే చోట, రిజిస్ట్రేషన్ కాగితంలో, అరుగు మీది ఆటలో ఒకే అంకె కూర్చుని ఉంది. తెలుగు సారు బోర్డు మీద గీత కొట్టి ఆపిన చోటు నుంచి ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

షత్రంజ్ అక్కడితో ఆగలేదు. తుర్కీలో సత్రంచ్, మంగోలియాలో షతర్, ఇథియోపియాలో సెంతెరెజ్. మలయ భాషకు మాత్రం అరబ్బుల దారిలో కాకుండా మన వైపు నుంచే పోయింది, అక్కడ అది చతుర్. అరబ్బులు స్పెయిన్‌ను ఏలిన రోజుల్లో, అరబ్బీ మాటల ముందు చేరే 'అల్'తో కలిసి స్పానిష్‌లోకి దిగి, ఇప్పుడు అహెద్రెస్ అయి కూర్చుంది. 1283లో కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో ఆటల మీద బొమ్మలతో పెద్ద పుస్తకం రాయించాడు, అందులో మొదటి పీట దీనిదే.

పోర్చుగీసులో అదే మాట షద్రెస్. దీని దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. వాళ్ళకు షద్రెస్ అంటే చదరంగం. షద్రెస్ అంటే గళ్ళ బట్ట కూడా. బ్రెజిల్ వాడుకలో షద్రెస్ అంటే జైలు. ఆటా, నేతా, జైలూ ఒక్క మాటలో! వరంగల్ మనిషికి ఇది ఊరికే చదివి వదిలేసే సంగతి కాదు. మా సెంట్రల్ జైల్లో ఖైదీలు నేసిన తివాచీలకు, శత్రంజీలకు నిజాం కాలం నుంచి పేరు. అది కొనుక్కొచ్చామని గొప్పగా చెప్పుకున్న ఇళ్ళు నాకు తెలుసు. 1886లో కట్టిన ఆ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చేశారు.

యూరప్‌లో మిగతా వాళ్ళు చతురంగాన్ని వదిలేసి రాజును పట్టుకున్నారు. ఫార్సీలో రాజు షా. తాత గుర్రాన్ని దూకించి "షహ్" అన్నాడంటే గార్డు తాత బీడీ పక్కన పెట్టేవాడు. ఆ షా లాటిన్‌లో స్కాకస్, ఇటలీలో స్కాక్కి, ఫ్రెంచిలో ఎషెక్. ఇంగ్లీషు వాళ్ళు ఫ్రెంచి బహువచనాన్ని తీసుకుని చెస్ చేసుకున్నారు. రష్యా వాళ్ళకు ఆట పేరే షాఖ్మాతి, అంటే షా మాత్. మాత్ అంటే అరబ్బీలో చచ్చాడని చెప్పేవాళ్ళు ఎక్కువ. ఫార్సీలో మాత్ అంటే దిక్కు తోచక నిలబడిపోవడం. నాకు ఫార్సీ అర్థమే సరైనదనిపిస్తుంది. చదరంగంలో రాజును ఎవరూ చంపరు, కదలడానికి గడి లేకుండా చేస్తారు.

ఫ్రెంచి వాళ్ళ చదరంగం పలక పేరు నుంచి గళ్ళను చెక్ అనడం వచ్చింది. మన చెక్స్ అంగీ అదే. పన్నెండో శతాబ్దపు ఇంగ్లండులో రాజుగారి జమాఖర్చులు గళ్ళ గుడ్డ పరిచిన బల్ల మీద చూసేవాళ్ళు, కాబట్టి ఆ ఖజానాకు ఎక్స్‌చెకర్ అని పేరు. బ్యాంకు చెక్కుదీ ఇదే వంశం. కొత్తవాడ మామ శత్రంజి నేసి, సొసైటీలో ఇచ్చి, చెక్కు తీసుకుని, చెక్స్ లుంగీ కట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. నేసిందీ తీసుకున్నదీ కట్టుకున్నదీ అన్నీ పలక మీది నుంచి దిగిన మాటలే.

మరి మా పట్టెల సంగతి? దానికి జవాబు హాబ్సన్-జాబ్సన్‌లో దొరికింది. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చగా 1886లో అచ్చయిన నిఘంటువు. ఇంగ్లీషు వాళ్ళ నోట్లో శత్రంజి 'సిత్రింజీ' అయిందని చెబుతూ, రంగుల నూలు పరుపు అని అర్థమిచ్చి, ఇప్పుడు ఎక్కువగా పట్టెలతో నేస్తున్నారుగానీ పేరును బట్టి మొదట్లో గళ్ళతో ఉండేదనడంలో సందేహం లేదని రాశారు. గళ్ళు పోయాయి, పేరు మిగిలింది. తాత చెప్పింది నిజమే, నేను చూసిందీ నిజమే. అంతకు మూడొందల ఏళ్ళ ముందే అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో, అక్బరు కార్ఖానాల పరుపుల మధ్య షత్రంజీల పేరు ఉంది.

ఓరుగల్లుకు ఎప్పుడొచ్చింది ఈ మాట? 1323లో కోట ఢిల్లీ సేనల వశమైంది, ఊరు కొన్నాళ్ళు సుల్తాన్‌పూర్ అయింది. ఆ తర్వాత బహమనీలు, కుతుబ్ షాహీలు, అసఫ్ జాహీలు. ఫార్సీ, దాని వెనక ఉర్దూ దర్బారు నుంచి బజారుకు, బజారు నుంచి అరుగు మీదికి దిగాయి. వరంగల్ నేతకు దేశాల్లో పేరుండేది. 1851 లండన్ ప్రదర్శనకు ఇక్కడి తివాచీ వెళ్ళింది. తివాచీ దొరల మేడలకు పోతే శత్రంజి మా అందరి ఇళ్ళకు వచ్చింది. మరాఠీ వాళ్ళు సత్రంజీ అంటారు, గుజరాతీలు శెత్రంజీ, బంగ్లాదేశ్‌లో రంగ్‌పూర్ వాళ్ళు శతరంజి. ఆ రంగ్‌పూర్‌లోనూ నూరు రంగులనే అర్థం చెప్పుకుంటారని చదివినప్పుడు కొత్తవాడ మామ గొంతు వినబడ్డట్టయింది.

ఆయన ఇంటికి ఎండాకాలం సెలవుల్లో పోయేదాన్ని. వీధిలో అడుగు పెడితే చాలు, ఇటు గోడలోంచీ అటు గోడలోంచీ మగ్గాల చప్పుడు. అద్దకం నీళ్ళు మోరీలో ఒకరోజు నీలంగా, ఒకరోజు ఎర్రగా పారేవి. వెడల్పు శత్రంజి ఒక్కరి చేతికి అందదు, మామా అత్తా పక్కపక్కన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేవాళ్ళు. కండెలు చుట్టేది ముసలమ్మ. పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా బిగించిన దారం, తెల్లగా, బిర్రుగా ఉండేది. దాన్ని పూర్తిగా కప్పేసేట్టు అడ్డంగా పోయే రంగు పేక దారాన్ని దగ్గర దగ్గరగా కొట్టాలి. అందుకే శత్రంజిలో పడుగు కనబడదు, బరువంతా మాత్రం అదే మోస్తుంది. పట్టెలు నేయడం తొందరగా అవుతుంది. పువ్వో, మెట్లో, గడో రావాలంటే ఒక రంగు ఆగిన చోట ఇంకో రంగును దానికి మెలేసి వెనక్కి తిప్పాలి, ప్రతి వరసలో, ప్రతి అంచు దగ్గర. లేకపోతే రెండు రంగుల మధ్య సందు పడుతుంది. మామ ఆ సందులోకి చిటికెనవేలు పెట్టి చూపించేవాడు. గళ్ళు ఎందుకు పోయి పట్టెలు ఎందుకు మిగిలాయో నాకు నిఘంటువులో కంటే ఆ మగ్గం దగ్గరే బాగా తెలుస్తుంది. గడికి పట్టే పొద్దుకు కూలి గిట్టదు.

అజంజాహీ బట్టల మిల్లు 1934లో వచ్చి, మా తరం కళ్ళ ముందే మూతపడింది. మగ్గాలు దానికంటే ముందు నుంచీ ఉన్నాయి, ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. కానీ వాటి మీద కూర్చునేవాళ్ళ తలలు నెరిశాయి. టెంట్ హౌసుల వాళ్ళు ప్లాస్టిక్ పట్టాలకూ, ఎర్ర తివాచీలకూ మళ్ళారు. సావు ఇంటి ముందు కూడా ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు. ఇది చూస్తే నాకు బాధే. దాచుకోను.

2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే 2018లో వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేశి పదిహేనేళ్ళు నిండకముందే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో బంగారు పతకం గెలిచిన భారత జట్టులో ఉన్నాడు, ఆ ఏడాది చివరికి 2800 రేటింగ్ దాటాడు. ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు. ఒకే ఏడు, ఒకే ఊరు. షత్రంజికీ గుర్తింపు, షత్రంజ్‌కూ గుర్తింపు. పత్రికలు రెంటినీ వేర్వేరు పేజీల్లో వేసి ఉంటాయి. తాత అరుగు మీద అయితే రెండు వార్తలూ ఒక్క మాటతోనే చెప్పుకునేవాళ్ళు.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు కొత్తవాడకు వెళ్ళాను. మామ కాలం చేసి చాలా ఏళ్ళయింది. వేరే ఇంటి ముందు వరండాలో సరుకు పరిచి ఉంటే ఆగాను. కుర్రవాడు బయటికొచ్చి, "దర్రీలా అక్కా? కార్పెట్ డిజైన్లు కూడ ఉన్నయి" అన్నాడు.

"శత్రంజి కావాలె. గళ్ళది."

వాడు నా ముఖం చూసి లోపలికి తిరిగి, "తాతా, శత్రంజి అంటుండ్రు" అని కేకేశాడు. లోపల మగ్గం చప్పుడు ఆగింది. పెద్దాయన గుంటలోంచి లేవకుండానే అడిగాడు. "గళ్ళదైతే నేసియ్యాలమ్మా, రెడీగ లేదు. టైం పడతది. ఏ రంగులు కావాలె?"

నీలం, ఎరుపు, తెలుపు అన్నాను. తొమ్మిది బై పన్నెండు సైజు. సగం పైసలు బయానా ఇచ్చి వచ్చాను.